పగడపు దిబ్బ ఆరోగ్యాన్ని కొలవడం ఎలా? అండమాన్ నీళ్లలో టేపు, పలక, పెన్సిలుతో

మొదటి ఏడాది మీరు నీళ్లలోంచి తెచ్చే అంకె దాదాపు దేనికీ కొరగాదు. "ఇక్కడ బతికున్న పగడం 36 శాతం" అంటే అది ఎక్కువా, తక్కువా? పక్క దిబ్బలో 50 ఉండొచ్చు, ఇంకోచోట 15 ఉండొచ్చు, రెండూ తమ మానాన తాము బాగానే ఉండొచ్చు. ఆ 36కి అర్థం వచ్చేది మరుసటి ఏడాది అదే చోట, అదే లోతులో, అదే తీరులో మళ్లీ లెక్కపెట్టినప్పుడు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ రెండో ఏడాది కోసమే. కొన్ని చాదస్తంగా అనిపిస్తాయి. కానివ్వండి.

ఇక్కడ చెబుతున్నది ప్రపంచమంతా స్వచ్ఛంద డైవర్లు వాడే రీఫ్ చెక్ పద్ధతి, దానికి తోడు కోరల్‌వాచ్ రంగు పలక. రెండింటికీ పెద్ద చదువు అక్కర్లేదు. నీళ్లలో కదలకుండా ఒకేచోట తేలుతూ ఉండగలగాలి, అంతే. అది రానివాళ్లు ఎంత చదువుకున్నా ఈ పనికి వద్దు. కాలికి తొడిగే ఫిన్ ఒక్కసారి తగిలితే విరిగే కొమ్మ మళ్లీ అంత పెరగడానికి ఏళ్లు పడుతుంది. గుండు పగడమైతే ఏడాదికి పెరిగేదే ఒక సెంటీమీటరు అటూ ఇటూ.

ముందు కాగితాలు, కాలం

రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఏ రక్షణ ఉందో వాటికీ అదే. పేరు తెలుసుకుందామని చిన్న ముక్క విరిచి తెచ్చినా నేరమే, ఒడ్డున కొట్టుకొచ్చిన ఎండు ముక్క సంచిలో వేసుకున్నా నేరమే. గుర్తుపట్టడానికి ఫొటో చాలు. వండూర్ దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్ లాంటి రక్షిత ప్రాంతంలో సర్వే చేయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ఉండాలి. దరఖాస్తులో "సర్వే" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. చోటు గుర్తుకు ఇనుప కడ్డీలు దిగ్గొడతారా, ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసే లాగర్ కడతారా, ఎన్ని రోజులు, ఎంతమంది, ఏ పడవ అన్నీ రాయండి. అనుమతిలో లేని కడ్డీని తర్వాత పీకేయాల్సి వస్తే మొదటి ఏడాది పనంతా నీళ్లపాలే.

అండమాన్‌లో నీళ్లు తేటగా, నెమ్మదిగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ వరకు. మే మధ్య నుంచి నైరుతి గాలి అందుకుంటుంది. ఏటా జరిపే పూర్తి సర్వే ఫిబ్రవరిలో పెట్టుకోండి. నీళ్లు బాగా వేడెక్కేది ఏప్రిల్, మేలలో కాబట్టి బ్లీచింగ్ (వేడికి పగడం తెల్లబడటం) ఉందేమో చూసే చిన్న విడత అప్పుడు. బ్లీచింగ్ కనిపిస్తే అయిదారు నెలల తర్వాత మరో విడత తప్పదు. తెల్లబడ్డ వాటిలో ఎన్ని కోలుకున్నాయి, ఎన్ని చచ్చాయి అన్నది అప్పుడే తేలుతుంది. మేలో తీసిన తెల్లటి ఫొటోలు అందరూ పంచుకుంటారు. నవంబర్‌లో తిరిగి వెళ్లి చూసేవాళ్లు తక్కువ. అసలు లెక్క ఆ రెండో విడతలోనే ఉంటుంది.

చోటు ఎంచుకునే దగ్గరే చాలామంది తప్పుతారు

అందంగా ఉన్న చోటే టేపు పరవాలనిపిస్తుంది. అలా దిబ్బలోకెల్లా దట్టమైన భాగాన్ని ఎంచుకుంటే, వచ్చే ఏళ్లలో అది తగ్గడమే గానీ పెరగడానికి చోటుండదు. దిబ్బ మొత్తం ఎలా ఉన్నా మీ గ్రాఫు మాత్రం కిందికే పోతుంది. కాబట్టి ముందు దిబ్బ అంచు వెంట పడవలో మొత్తం తిరిగి, పొడవును సమభాగాలు చేసి, చీటీలు తీసి చోట్లు నిర్ణయించండి. కనీసం మూడు చోట్లు: ఒకటి పర్యాటకుల పడవలు ఆగే దగ్గర, ఒకటి అవి రాని దగ్గర, ఒకటి వాగో మురుగో కలిసే వైపు. మూడూ ఒకే లోతులో, గాలికి ఒకే మొగంగా ఉండాలి. లేకపోతే తేడా పడవల వల్ల వచ్చిందో అలల వల్ల వచ్చిందో చెప్పలేరు.

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. చార్టులో దొరకని సంగతులు వాళ్ల దగ్గర దొరుకుతాయి: పోటు ఎక్కేటప్పుడు ప్రవాహం ఎటు లాగుతుంది, లంగరు ఎక్కడ వేస్తారు, పాత వల ఎక్కడ చిక్కుకుని ఉంది, ఏ వాగు మొగ దగ్గర మొసలి తిరుగుతోంది. చివరి ప్రశ్న సరదాకి అడిగేది కాదు. అండమాన్ మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి.

పాత సర్వేలతో పోల్చాలనుకుంటే 2004 డిసెంబర్ 26ను మరవొద్దు. ఆ భూకంపంతో ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి దిబ్బలు నీటి బయటపడి చచ్చిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ వైపు నేల కుంగింది. అంతకుముందు "3 మీటర్లు" అని రాసిన చోటు ఇప్పుడు 3 మీటర్లలో లేదు.

సామాను

ఫైబర్‌గ్లాస్ టేపులు 50 మీటర్లవి రెండు (ఇనుప టేపు ఒక్క వారంలో తుప్పు పడుతుంది). 12 మి.మీ. ఇనుప కడ్డీ ముక్కలు, ఒక్కొక్కటి 60 సెం.మీ., అయిదు. కిలోన్నర సుత్తి. ప్లాస్టిక్ కేబుల్ టైలు. నీళ్లలో రాయడానికి తెల్ల పీవీసీ పలక, దానికి దారంతో కట్టిన మెత్తటి పెన్సిళ్లు రెండు, ఎందుకంటే మొదటిది విరుగుతుంది. మీటరు దారానికి కట్టిన చిన్న సీసపు గుండు. 20, 30 సెం.మీ. పొడవున కోసిన పీవీసీ పైపు ముక్కలు. నీటిపైన తేలే గుర్తు బెలూను. జీపీఎస్ ఉన్న ఫోను, నీళ్లు దూరని సంచిలో.

ఖరీదైన కెమెరా తర్వాత కొనొచ్చు. ఆ సీసపు గుండు లేకుండా మాత్రం దిగకండి. ఎందుకో కింద ఉంది.

టేపు పరవడం

రీఫ్ చెక్ లైను పొడవు 100 మీటర్లు. అందులో 20 మీటర్ల ముక్కలు నాలుగు, మధ్యలో 5 మీటర్ల ఖాళీలు మూడు. అంటే లెక్కపెట్టేది 0–20, 25–45, 50–70, 75–95. ఆ ఖాళీలు ఎందుకంటే, ఒక ముక్క చివరన ఉన్న పెద్ద పగడమే తర్వాతి ముక్క మొదట్లో కూడా పడకుండా, నాలుగూ వేరువేరు నమూనాలుగా నిలవడానికి.

లైను ఒకే లోతు వెంట పోవాలి. తక్కువ లోతు లైను 2 నుంచి 6 మీటర్ల మధ్య, ఎక్కువ లోతుది 6 నుంచి 12 మధ్య. మీ డైవ్ కంప్యూటర్ చూపేది ఆ నిమిషంలో ఉన్న నీటి ఎత్తు. పోటుకీ పాటుకీ మధ్య అది మారుతూ ఉంటుంది కాబట్టి లోతు పక్కన గడియారం సమయం కూడా రాయండి. ఒడ్డుకు వచ్చాక టైడ్ టేబుల్ చూసి సరిచేసుకోవచ్చు.

మొదటి కడ్డీని చచ్చిన రాతిలోకి దిగ్గొట్టండి, బతికున్న పగడంలోకి ఎప్పుడూ వద్దు. 20 సెం.మీ. పైన మిగిలితే చాలు. తర్వాత ప్రతి ముక్క మొదట్లో ఒకటి, 95 మీటర్ల దగ్గర చివరిది. మొత్తం అయిదు కడ్డీలు. సున్నా కడ్డీ పైన బెలూను వదిలి, పడవలో ఉన్నవాళ్లు దాని పక్కకే వచ్చి జీపీఎస్ తీసుకోవాలి, దశాంశ డిగ్రీల్లో అయిదు అంకెల వరకు. అయినా ఫోను జీపీఎస్ అయిదారు మీటర్లు తప్పొచ్చు, నీళ్లలో అయిదు మీటర్లంటే కడ్డీ కనపడనంత దూరం. అందుకే జాలర్ల తీరులో కొండ గుర్తులు కూడా రాసుకోండి: ఏ చెట్టు ఏ రాతితో వరసలోకి వచ్చింది, రెండు దిక్కుల్లో. ప్రతి కడ్డీకీ నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. ఏడాది తిరిగేసరికి కడ్డీ మీద నాచు, స్పాంజి పట్టి అది కూడా దిబ్బలో భాగంలాగే కనిపిస్తుంది.

టేపు బిగుతుగా ఉండాలి, పగడాలకు ఒకటి రెండు జానల పైన. వదులుగా ఉంటే అలకు అటూ ఇటూ ఊగి పాయింటు ఎక్కడ పడుతుందో తెలియదు, పైగా 20 మీటర్ల ముక్కలో టేపు 21 మీటర్లు చూపిస్తుంది. వాలు చోట్ల మధ్యలో చచ్చిన రాతికి ఒక చుట్టు వేసి ఆపుకోండి.

చేపలు ముందు

టేపు పరిచాక పదిహేను నిమిషాలు పక్కకు జరగండి. సుత్తి చప్పుడుకు చెదిరిన చేపలు అప్పటికి తిరిగి వస్తాయి. మొదట చేపలు, తర్వాత గవ్వలూ ముళ్లజీవులూ, చివర నేల. ఈ వరస మార్చితే చేపల లెక్క చెడుతుంది.

చేపల పట్టీ టేపుకు ఇటు రెండున్నర, అటు రెండున్నర, పైకి అయిదు మీటర్లు. నెమ్మదిగా ఈదుతూ ప్రతి 5 మీటర్లకూ ఆగి చూడండి. సీతాకోకచిలుక చేపలు, స్వీట్‌లిప్స్, స్నాపర్లు, 20 సెం.మీ. దాటిన చిలుక చేపలు, 30 దాటిన గ్రూపర్లు, మోరే ఈల్స్ లెక్కకు వస్తాయి. హంప్‌హెడ్ రాస్, బంప్‌హెడ్ చిలుక చేప కూడా. ఇవి పట్టీ బయట కనిపిస్తే లెక్కలో కలపకుండా పక్కన రాసుకోండి.

నీళ్లలో వస్తువు మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. 15 సెం.మీ. చేప 20 అనిపిస్తుంది, 23 ఉన్నది 30 అనిపిస్తుంది. అంటే సరిదిద్దుకోకపోతే పిల్ల చేపలన్నీ పెద్ద చేపల ఖాతాలో పడి "ఇక్కడ వేట ఒత్తిడి లేదు" అని తప్పుడు మాట రాసేస్తారు. పైపు ముక్కలు ఇందుకే. దిగగానే అయిదు నిమిషాలు వాటిని వేర్వేరు దూరాల్లో పెట్టి కంటికి అలవాటు చేయండి.

అదే పట్టీలో రెండోసారి నేలకు దగ్గరగా వస్తూ సముద్రపు ముళ్లపందులు, సీ కుకుంబర్లు, జెయింట్ క్లామ్‌లు, ఎండ్రిరొయ్యలు, ట్రైటన్ శంఖాలు, ముళ్ల కిరీటం నక్షత్ర చేపలు లెక్కించండి. వీటిలో చివరిది పగడాన్ని తినేది. నాలుగు ముక్కల పట్టీలు కలిపి 400 చదరపు మీటర్లు. అందులో ఒకటి కనిపించినా హెక్టారుకు 25 లెక్క. గ్రేట్ బారియర్ రీఫ్‌లో హెక్టారుకు 15 దాటితే ముట్టడి కింద చూస్తారు. ఒక్కదాన్ని చూసి కేక పెట్టక్కర్లేదు గానీ, లైను బయట మరో అరగంట వెతకడం అవసరం. చేత్తో పీకే ప్రయత్నం చేయొద్దు, ముళ్లలో విషం ఉంది.

పాయింట్లు: అసలు పని ఇదే

ప్రతి అర మీటరు దగ్గరా టేపు కింద ఏముందో రాయాలి. 20 మీటర్ల ముక్కకు 40 పాయింట్లు (0, 0.5, 1.0 అంటూ 19.5 వరకు), నాలుగు ముక్కలకు 160.

పైనుంచి చూసి "ఇక్కడ పగడం ఉంది" అని రాయడం తప్పు. కన్ను ఒక పక్కకు ఉంటే టేపు అంకె కింద కనిపించేది మారిపోతుంది. ఇంకా పెద్ద చిక్కు, కన్ను తనంతట తానే పగడం వైపు జరుగుతుంది. అర మీటరు గుర్తు ఇసుక మీద పడి, రెండంగుళాల అవతల చక్కటి ఊదా రంగు కొమ్మ ఉంటే చెయ్యి "పగడం" అనే రాస్తుంది. అందుకే సీసపు గుండు. గోడ నిటారు చూసేందుకు తాపీమేస్త్రీ వేలాడదీసే గుండులాగే, దారాన్ని టేపు గుర్తుకు ఆనించి వదలండి. గుండు ఏది తాకితే అదే రాయండి. కింద రంధ్రం ఉండి గుండు లోపలికి పోయి ఇసుకను తాకినా ఇసుకే.

రాసే రకాలు పది. కొన్ని తేలిక. కొన్నిటి దగ్గర ఏళ్లుగా డైవ్ చేసినవాళ్లూ వాదించుకుంటారు.

గట్టి పగడం: బతికున్నది. బ్లీచ్ అయి తెల్లగా ఉన్నా కణజాలం ఉంటే ఇందులోకే వస్తుంది, పక్కన చిన్న గుర్తు పెట్టండి. నీలి పగడం, నిప్పు పగడం, పైపు పగడం వంశం వేరైనా దిబ్బ కట్టేవే కాబట్టి ఇందులోకే.

మెత్తని పగడం: చెయ్యి ఊపితే ఊగేవి. జోయాంథిడ్లు కూడా. సీ అనిమోనీ మాత్రం "ఇతరం".

ఇటీవల చచ్చిన పగడం: ఏడాదిలోపు చచ్చింది. తెల్లగా ఉండొచ్చు, పలచగా నాచు పట్టి ఉండొచ్చు, కానీ పాలిప్‌లనే చిన్న జీవులు ఉన్న గూళ్ల అంచులు ఇంకా పదునుగా కనిపించాలి.

రాయి: 15 సెం.మీ. కంటే పెద్దది, ఎప్పుడో చచ్చి గూళ్లు అరిగిపోయిన పగడం కూడా. దాని మీద పొట్టి నాచు, గులాబీ రంగు సున్నపు నాచు ఉన్నా రాయే.

పోషకాల నాచు: ఎరువులు, మురుగు నీళ్లు కలిసిన చోట చెలరేగే కండగల నాచు. సున్నపు నాచులు ఇందులో రావు. ఈ గడిని ఉదారంగా నింపేస్తే, కాలుష్యం లేనిచోట కాలుష్యం పుట్టించినట్టే.

గులకలు: అర సెంటీమీటరు నుంచి 15 సెం.మీ. వరకు ఉన్న విరిగిన ముక్కలు. లంగరు వేసే చోట ఈ గడి ఏటా పెరుగుతుంది, ఒక కన్నేసి ఉంచండి.

ఇసుకా, బురదా? చిటికెడు తీసి వదలండి. వెంటనే కిందికి రాలితే ఇసుక, పొగలా లేచి నిలిస్తే బురద. వాగుల వైపున్న దిబ్బకు ఈ చిటికెడు పరీక్ష ఎంతో చెబుతుంది.

మిగిలినవి స్పాంజి, ఇతరం. వాటితో గొడవ లేదు.

ఒకరు రాసిందీ ఇంకొకరు రాసిందీ ఒకటే కావాలంటే, మొదటి డైవ్‌లో ఇద్దరూ పక్కపక్కనే ఒకే గుండు పడిన చోటు చూసి, ఒకరి పలక ఒకరు చూడకుండా 40 పాయింట్లు రాయండి. వాటిలో కనీసం 36 పాయింట్లు కలవకపోతే ఆ రోజు సర్వే మొదలుపెట్టొద్దు. పైకి వచ్చి ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకోండి. దాదాపు ఎప్పుడూ అది "ఇటీవల చచ్చింది", "రాయి" దగ్గరే వస్తుంది.

రంగు పలక

కోరల్‌వాచ్ పలకను క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేశారు. నాలుగు రంగుల వరసలు, ఒక్కోదానిలో 1 నుంచి 6 వరకు చాయలు. 1 తెలుపు, 6 ముదురు. పగడానికి రంగు వచ్చేది ఎక్కువగా దాని కణజాలంలో ఉండే సూక్ష్మ నాచు వల్ల. చాయ పలచబడుతోందంటే ఆ నాచు తగ్గుతోందని అర్థం.

పగడానికి ఆనకుండా, పక్కనే పలక పట్టి, ఆ పగడంలో అన్నిటికంటే లేత భాగానికి సరిపోయే చాయ వెతికి రాయండి, తర్వాత అన్నిటికంటే ముదురు భాగానిది. దాంతోపాటు ఆకారం: కొమ్మలదా, గుండుదా, పళ్లెందా, మెత్తనిదా. ఒక చోట కనీసం 20 పగడాలు. లోతులో ఎరుపు తగ్గిపోతుంది కదా అంటే, పలక కూడా అదే నీళ్లలో ఉంది కాబట్టి రెండూ సమానంగా తగ్గుతాయి. అందుకే ఫొటో తీసి పైకి వచ్చాక పోల్చడం పనికిరాదు, నీళ్లలోనే పోల్చాలి.  కొమ్మల పగడాల కొసలను వదిలేయండి. పలక ఎండకు వెలిసిపోతుంది, పడవ అంచున ఆరేయకండి. పలక వెలిస్తే పగడాలన్నీ ఆరోగ్యంగా ముదిరినట్టు కనిపిస్తాయి!

ఏ ఒక్క రోజు సగటు నుంచీ తీర్పు తీయకండి. ఒకే గుంపు పగడాల సగటు ఒక విడత నుంచి ఇంకో విడతకు రెండు చాయలు పడిపోతే అది గట్టి సంకేతం.

తెల్లగా ఉన్నదల్లా బ్లీచింగ్ కాదు

కొమ్మల పగడం కొనలు చాలాసార్లు మామూలుగానే తెల్లగా ఉంటాయి. అవి పెరుగుతున్న కొసలు, నాచు ఇంకా చేరలేదు. పళ్లెం పగడం అంచు కూడా అంతే. కొత్తవాళ్లు పంపే "బ్లీచింగ్" ఫొటోల్లో చాలావరకు ఇవే.

నిజమైన బ్లీచింగ్‌లో మొహాన్ని ఒక అడుగు దూరానికి తెచ్చి చూస్తే పారదర్శకమైన జెల్లీ పొర, కొన్నిసార్లు ముడుచుకున్న చిన్న మీసాలు కనిపిస్తాయి. లోపలి సున్నపు అస్థిపంజరం ఆ పొరలోంచి మెరుస్తుంది. ఆ జీవి బతికే ఉంది, ఆకలితో ఉంది. చచ్చినదైతే పొర ఉండదు, గూళ్ల అంచులు పొడిగా, గరుకుగా ఉండి, కొద్ది రోజుల్లోనే పచ్చటి లేదా గోధుమ నాచు మసక పడుతుంది.

తెలుపు పట్టీ పగడం మొదలు నుంచి పైకి పాకుతూ, బతికున్న భాగానికీ తెలుపుకీ మధ్య గీత గీసినట్టు ఉంటే వ్యాధో, తినే జీవో అని అనుమానించండి. కొమ్మల మొదట్లో వేళ్లతో కాకుండా పెన్సిలుతో కొంచెం గాలించినట్టు చూస్తే, వేలి కణుపంత నత్తలు గుంపుగా కనిపిస్తాయి, అవి డ్రుపెల్లా. నక్షత్ర చేప తిన్న మచ్చ అరచేతి కంటే పెద్దది, అది పగలు ఆ పగడం కిందో పక్క చీలికలోనో దాక్కుని ఉంటుంది. చిలుక చేప కొరికితే అస్థిపంజరమే చెక్కుకుపోయి జంట గీతలు పడతాయి. నల్ల పట్టీ ముందు నడుస్తూ వెనక తెల్లటి పంజరం వదిలితే అది బ్లాక్ బ్యాండ్ వ్యాధి. తెలియనప్పుడు "తెలుపు, కారణం తెలియదు" అని రాసి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. ఊహించి రాసిన వ్యాధి పేరును తర్వాత ఎవరూ సరిదిద్దలేరు.

ఇంకో మోసం ఉంది. ఒత్తిడిలో ఉన్న కొన్ని పగడాలు తెల్లబడే ముందు నీలం, ఊదా, గులాబీ రంగుల్లో వెలిగిపోతాయి. పర్యాటకులు పొంగిపోతారు. మీరు తేదీ రాసుకుని పది రోజుల్లో మళ్లీ దిగండి.

వేడికి ముందు కూలేవి కొమ్మల ఆక్రోపోరా, పొసిల్లొపోరా. గుండు పోరైటిస్ చాలావరకు తట్టుకుంటుంది. అదే తెల్లబడిందంటే పరిస్థితి చేయి దాటుతోందన్నమాట.

వేడిని కొలవడం, ముందే తెలుసుకోవడం

చిన్న లాగర్ ఒకటి సున్నా కడ్డీకి కేబుల్ టైతో కట్టండి, అరగంటకు ఒక రీడింగు, ఏడాదికి 17,520. రీడింగులన్నీ పట్టేంత మెమరీ, అంతకాలం నిలిచే బ్యాటరీ ఉన్నాయో లేదో ముందే చూడండి. పై ఎండ నేరుగా తగిలితే లాగర్ నీటికంటే ఎక్కువ చూపుతుంది, రాతి నీడ వైపు కట్టండి. కట్టే ముందు, తీశాక, ఐసు ముక్కలు నీళ్లు కలిపిన థర్మాస్‌లో గంట ఉంచండి. సున్నా చూపాలి. 0.6 చూపితే ఆ 0.6 తీసేయాలి. బ్లీచింగ్ ఒక్క డిగ్రీ తేడాతో మొదలయ్యే వ్యవహారం కాబట్టి డైవ్ కంప్యూటర్ ఉష్ణోగ్రతను నమ్ముకోవద్దు.

ఉపగ్రహం చూపే లెక్కకు ఒక కొలమానం ఉంది: డిగ్రీ హీటింగ్ వీక్స్. ఆ చోటి మామూలు అత్యధిక నెలసరి ఉష్ణోగ్రత కంటే నీళ్లు ఒక డిగ్రీ ఎక్కువగా నాలుగు వారాలు ఉంటే 4, రెండు డిగ్రీలు ఎక్కువగా రెండు వారాలు ఉన్నా 4. గత 12 వారాలది కూడుతూ పోతారు. 4 చేరితే బ్లీచింగ్, 8 దాటితే పెద్దఎత్తున చావులు రావొచ్చని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా లెక్క. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచ బ్లీచింగ్ మొదలైందని ప్రకటించింది కూడా నోవానే. మన దిబ్బలకు ప్రత్యేకంగా ఈ హెచ్చరికలిచ్చే కార్యాలయం సముద్రమే లేని హైదరాబాద్‌లో ఉంది: ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ బులెటిన్లు దాని వెబ్‌సైట్‌లో చూడొచ్చు. 4 దాటుతోందని కనిపించిన వారమే పడవ మాట్లాడుకోండి. బులెటిన్ వేడిని చెబుతుంది, పగడం తెల్లబడిందో లేదో దిగి చూసినవాళ్లే చెప్పాలి.

ఒడ్డున: ఆ కడ్డీలు ఎందుకు కొట్టామో ఇక్కడ తెలుస్తుంది

పలకను కడిగే ముందు ఫొటో తీయండి. అదే రోజు రాత్రి పట్టికలోకి ఎక్కించండి, నిద్రపోతే ఆ గీత "రాయి"దో "గులక"దో మరిచిపోతారు.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. నాలుగు ముక్కల్లో గట్టి పగడం పాయింట్లు 17, 12, 20, 9 వచ్చాయనుకోండి. మొత్తం 58, అంటే 160లో 36 శాతం. మరుసటి ఏడాది 14, 10, 16, 7. మొత్తం 47, అంటే 29 శాతం. ఏడు శాతం పడిపోయిందని రాసేయొచ్చా?

ముక్కల మధ్య తేడాయే 22 నుంచి 50 శాతం దాకా ఉంది. సగటు చుట్టూ ఉన్న ప్రామాణిక దోషం (సగటు ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పే అంకె) మొదటి ఏడాదికి దాదాపు 6. రెండేళ్ల సగటులను విడివిడిగా పోలిస్తే ఏడు శాతం తేడా ఆ ఊగిసలాటలో మునిగిపోతుంది. టేపు ఈసారి కొంచెం పక్కకు పడిందేమో అని ఎవరైనా అంటే మీ దగ్గర జవాబుండదు.

కానీ కడ్డీలు ఉన్నాయి, ముక్కలు అవే. కాబట్టి ముక్కను ముక్కతోనే పోల్చండి: తగ్గినవి 3, 2, 4, 2. నాలుగూ తగ్గాయి, దాదాపు ఒకే మోతాదులో. శాతాల్లో సగటు తగ్గుదల 6.9, దాని దోషం 1.2 మాత్రమే. అవే అంకెలు, అదే సముద్రం. ఒక పోలికలో ఏమీ లేదు, రెండో పోలికలో స్పష్టమైన నష్టం ఉంది. మధ్యలో ఉన్న తేడా అయిదు ఇనుప ముక్కలు.

నష్టం ఏ గడిలోకి వెళ్లిందో కూడా చూడండి. పగడం తగ్గి "ఇటీవల చచ్చింది" పెరిగితే వేడో వ్యాధో. గులకలు పెరిగితే లంగరు, తుఫాను, కాళ్లు. బురద, నాచు పెరిగితే ఒడ్డు మీద ఏదో మారింది. శాతం తగ్గిందన్న మాటతో అధికారి ఏమీ చేయలేరు. "పర్యాటక పడవలు ఆగే లైనులో గులకలు 12 నుంచి 21 శాతానికి పెరిగాయి, పడవలు రాని లైనులో పెరగలేదు" అంటే లంగరు బదులు కట్టుకునే బోయా ఎక్కడ వేయాలో వాళ్లకు తెలుస్తుంది. బ్లీచింగ్ లెక్కలకూ విలువ ఉంది: 2010 బ్లీచింగ్ తర్వాత 2011 జనవరిలో థాయిలాండ్ 18 డైవింగ్ స్థలాలను మూసేసింది, పగడాల మీద ఇంకో ఒత్తిడి పడకుండా.

నివేదికను అటవీ శాఖకు ఇచ్చేటప్పుడు రెండు పేజీలు మించనీయకండి, ముడి పట్టిక వేరే ఫైలుగా జత చేయండి. అదే పట్టిక రీఫ్ చెక్‌కు, కోరల్‌వాచ్‌కు కూడా పంపొచ్చు. అక్కడి డైవ్ షాపుల వాళ్లకీ, పడవ వాళ్లకీ ఒక కాపీ ఇచ్చి నోటితో కూడా చెప్పండి. కడ్డీని చూసి ఎవరో చెత్త ఇనుము అనుకుని పీకేసే ప్రమాదం ఆ ఒక్క మాటతో తప్పుతుంది.

టేపు, లాగర్, సుత్తి మంచినీళ్లలో కడిగి నీడన ఆరబెట్టండి. తర్వాత కడ్డీల ఫొటోలు, కొండ గుర్తులు, జీపీఎస్ అంకెలు, టేపు సున్నా ఏ వైపు మొదలైంది, కడ్డీకి ఎడమ నుంచి పోయిందా కుడి నుంచా, ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి. వచ్చే ఫిబ్రవరిలో దిగేది మీరు కాకపోవచ్చు.